రంగులరాట్నం ఎక్కేముందు కెమెరా ఎక్కడ పెట్టాలి?



కిందటి ఏడాది పరీక్షలు అయిపోయాక మన బడి పిల్లలను ఒక సాయంత్రం ఆటల పార్కుకు తీసుకెళ్ళాం. రెండు బస్సులు, పులిహోర డబ్బాలు, మంచినీళ్ళ పెట్టెలు, పిల్లల కేరింతలు. మగ్రిబ్ నమాజు వేళ దాటాక రైడ్ల దగ్గర వరుసలు కట్టారు.

ఐదో తరగతి బాబు ఒకడు రోలర్ కోస్టర్ వరుసలో అందరికన్నా ముందు నిలబడ్డాడు. చేతిలో వాళ్ళ నాన్నగారి ఫోను. రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకు రైడు మీదనుంచి వీడియో తీసి పంపిస్తానని వారం ముందే మాట ఇచ్చాడట. గేటు దగ్గరున్న ఉద్యోగి చెయ్యి అడ్డం పెట్టి "నో మొబైల్, నో కెమెరా" అన్నాడు. బాబు మొహం చిన్నబోయింది. నాన్నగారికి కోపం వచ్చింది. "భయ్యా, బచ్చా హై, దో మినిట్ కా వీడియో హై" అని మొదలుపెట్టి గొంతు పెంచారు. మేము సర్దిచెబుదామని దగ్గరకు వెళ్ళేలోపు ఆ ఉద్యోగి నెమ్మదిగా తెలుగులో అన్నాడు.

"సార్, మీరు తెలుగోళ్ళే గదా. మాది జగిత్యాల దిక్కు. బాబు మంచిగ ఎక్కాలె, సంబురపడాలె. గని సెల్లు లోపటికి వద్దు. జారితే మీ సెల్లు పోతది, అది చిన్న ముచ్చట. కింద ఎవలకన్న తాకితే నెత్తి పలుగుతది. నా నౌకరి గూడ పోతది సార్."

ఎవరికీ నోరు పెగల్లేదు. నాన్నగారు ఒక్క క్షణం ఆగి, "తప్పు నాదే తమ్ముడూ, ఏమనుకోకు" అని ఫోను మా సంచిలో వేశారు. బాబు రైడు ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కుతానన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులోనుంచి అమ్మమ్మకు ఫోను చేశాడు. "అమ్మమ్మా, వీడియో తియ్యనివ్వలేదు" అన్నాడు. "పోనీలే నాన్నా, ఎలా ఉందో నువ్వే చెప్పు, వింటాను" అందావిడ. వాడు "చాలా బాగుంది. వెరీ ఫాస్ట్" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. చెప్పాలని ఉంది, చెప్పడానికి మాటలు లేవు. తర్వాతి శుక్రవారం క్లాసులో మా దగ్గరకొచ్చి, "కడుపులో అలా అవుతుంది కదా, దాన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు.

ఆ సాయంత్రం మాకు రెండు ప్రశ్నలు మిగిల్చింది. రైడు మీద కెమెరా ఎందుకు వద్దంటారు? కెమెరా లేకపోతే చూసినదాన్ని ఇంటికి ఎలా పంపించాలి? ఈ సంవత్సరం సంచికలో పాఠంగా ఆ రెండు ప్రశ్నలనే తీసుకున్నాం.

1. రాట్నం నుంచి రోలర్ కోస్టర్ దాకా

మీ తాతయ్యల కాలంలో రైడు అంటే తిరునాళ్ళలో రంగులరాట్నం. చెక్క గుర్రాలు, చేత్తో తిప్పే మనిషి. హైదరాబాదు వారికి నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కని హైదరాబాదీ అరుదు. 2016లో హైదరాబాదు శివార్లలో వండర్‌లా పార్కు తెరిచారు. ఆ రంగులరాట్నం మెల్లగా తిరిగేది. దానిమీద కూర్చుని బఠాణీలు తిన్నా ఎవరికీ నష్టం లేదు.

ఇప్పుడు మనం ఉంటున్న దేశంలో సంగతి వేరు. జిద్దా కార్నిష్‌లో అల్ షలాల్ పార్కు చాలామందికి తెలిసిందే. 2019 నుంచి రియాద్ సీజన్ పేరుతో చలికాలమంతా ఆటల సందడి నడుస్తోంది. 2025 డిసెంబరు 31న రియాద్ దగ్గర ఖిద్దియాలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కు తెరిచారు. అందులోని ఫాల్కన్స్ ఫ్లైట్ అనే రోలర్ కోస్టర్ వేగం గంటకు 250 కిలోమీటర్లు, దాని పట్టా పొడవు 4 కిలోమీటర్లకు పైనే. అంతకుముందు వేగంలో పేరు మోసినది అబుదాబి ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోసా. 2010లో మొదలైన దాని వేగం 240 కిలోమీటర్లు. కళ్ళలో ఇసుక, పురుగులు పడకుండా దానిమీద కూర్చునేవారికి కళ్ళద్దాలు ఇస్తారు. ఇసుక రేణువుకే అంత జాగ్రత్త తీసుకుంటే, అరచేతిలో పట్టే ఫోను సంగతి ఆలోచించండి.

2. నియమం ఏమిటి?

పార్కును బట్టి, రైడును బట్టి నియమాలు కొంచెం మారుతాయి. మొత్తం మీద కనిపించే పద్ధతి ఇది.

వేగంగా వెళ్ళే రైడ్లు, తలకిందులయ్యే రైడ్లు, పైనుంచి కిందికి పడేసే రైడ్ల మీద చేతిలో ఏ వస్తువూ ఉండకూడదు. ఫోను, కెమెరా, సెల్ఫీ కర్ర, టోపీ, తాళంచెవులు అన్నీ దీనికిందికే వస్తాయి. తలకు, ఛాతీకి పట్టీతో కట్టుకునే గోప్రో లాంటి చిన్న కెమెరాలను కూడా చాలా పార్కులు ఒప్పుకోవు. ఈమధ్య వచ్చిన కెమెరా ఉన్న కళ్ళజోళ్ళకూ ఇదే మాట.

మెల్లగా తిరిగే రంగులరాట్నం, పిల్లల రైలుబండి, మూసి ఉన్న పెట్టెల జెయింట్ వీల్ లాంటి వాటిలో చాలాచోట్ల ఫోటో తీసుకోనిస్తారు. చీకట్లో వెళ్ళే రైడ్లలో ఫ్లాష్ వెయ్యవద్దంటారు, పక్కవారి కళ్ళు చెదురుతాయి కాబట్టి.

ఏది ఎలా ఉన్నా, ఆ రోజు ఆ రైడు ముందున్న బోర్డు, అక్కడ నిలబడ్డ ఉద్యోగి మాట, ఈ రెండే ఆఖరివి. "పోయినసారి ఒప్పుకున్నారే" అన్న వాదన పనికిరాదు.

బోర్డు మీద అరబ్బీలో ఉంటే ఎలా? రెండు మాటలు నేర్చుకుంటే చాలు. "మమ్‌నూ" అంటే నిషేధం. "తస్వీర్" అంటే ఫోటో తీయడం. హైదరాబాదు ఉర్దూ చెవిన పడ్డవారికి "మనా", "తస్వీర్" కొత్త కాదు కదా, ఇవి వాటి చుట్టాలే. రెండూ ఒకే బోర్డు మీద కనబడితే కెమెరా సంచిలోకి వెళ్ళాలి.

3. ఎందుకు? మూడు కారణాలు

*మొదటి కారణం: చెయ్యి బరువెక్కుతుంది.* రోలర్ కోస్టర్ లోయలోకి దిగి ఒక్కసారిగా పైకి లేచేటప్పుడు మన ఒళ్ళు సీటుకు అతుక్కుపోతుంది. అప్పుడు మన బరువు మూడు నాలుగు రెట్లు పెరిగినట్టు అనిపిస్తుంది. నాలుగు రెట్లు అనుకుందాం. 200 గ్రాముల ఫోను ఆ క్షణంలో 800 గ్రాముల్లా తోస్తుంది. అదొక్కటే అయితే పరవాలేదు. 3 కిలోల చెయ్యి 12 కిలోల బరువైపోతుంది. పది కిలోల బియ్యం బస్తాకన్నా ఎక్కువ బరువును చెయ్యి చాచి పట్టుకున్నట్టు. మరుక్షణం కొండమీదనుంచి దిగేటప్పుడు బరువే లేనట్టు తేలిపోతాం. పట్టు ఎప్పుడు జారిందో మనకే తెలియదు. "నేను గట్టిగా పట్టుకుంటాను" అన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది.

*రెండో కారణం: జారిన వస్తువు ఆగదు.* కదిలే వస్తువు అదే దారిలో కదులుతూనే ఉండాలని చూస్తుంది. దీన్ని జడత్వం అంటారని మీ సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. రైలు మలుపు తిరుగుతుంది, కానీ చేతిలోనుంచి జారిన ఫోను మలుపు తిరగదు. జారినప్పుడు ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది. అటువైపు వెనక సీట్లోవారి మొహం ఉండవచ్చు, కింద వరుసలో నిలబడ్డ పిల్ల తల ఉండవచ్చు.

ఒక లెక్క వేద్దాం. ఒక ఫాస్ట్ బౌలర్ 160 గ్రాముల క్రికెట్ బంతిని గంటకు 135 కిలోమీటర్ల వేగంతో వేశాడు. ఒక 200 గ్రాముల ఫోను గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఎగిరింది. రెండింటి గతిశక్తీ దాదాపు సమానం. తేడా ఏమిటంటే బ్యాట్స్‌మన్‌కు హెల్మెట్ ఉంటుంది, బంతి వస్తోందని తెలుసు. కింద ఐస్‌క్రీం తింటున్న పాపకు రెండూ లేవు. వేగం రెట్టింపు అయితే గతిశక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. ఆ లెక్కన 250 కిలోమీటర్ల వేగం దగ్గర ఎంత అవుతుందో పెద్ద తరగతుల పిల్లలు మీరే కట్టి చూడండి.

*మూడో కారణం: చేతి చుట్టూ గీసిన గీత.* రైడు తయారుచేసే ఇంజనీర్లు సీట్లో కూర్చున్న మనిషి చేతులు, కాళ్ళు ఎంతదూరం చాపగలడో కొలుస్తారు. ఆ మేరకు ఏ స్తంభమూ, ఏ కొమ్మా, ఏ గోడా తగలకుండా చోటు వదులుతారు. మన చేతికి సరిపడా గీసిన లక్ష్మణరేఖ అనుకోండి. సెల్ఫీ కర్ర పట్టుకుంటే మన చెయ్యి ఆ గీత దాటి బయటికి పోయినట్టే. కర్ర స్తంభానికి తగిలితే కర్ర విరగడంతో ఆగదు. ఆ దెబ్బ కర్ర పట్టుకున్న చేతికీ, పక్కవారికీ వస్తుంది.

4. లోకం నేర్చుకున్న పాఠాలు

ఇవి ఎవరో భయపెట్టడానికి చెప్పిన మాటలు కావు. జరిగినవే చూద్దాం.

అమెరికాలో ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో డ్రాగన్ ఛాలెంజ్ అనే జంట రోలర్ కోస్టర్ ఉండేది. రెండు రైళ్ళు ఎదురెదురుగా వచ్చి, ఢీకొంటాయేమో అన్నంత దగ్గరగా పక్కకు తప్పుకునేవి. అందులోనే దాని సరదా అంతా. 2011లో గాలిలో ఎగిరివచ్చిన వస్తువు తగిలి ఒక ప్రయాణికుడి కంటికి తీవ్రమైన గాయమైంది. ఆ తర్వాత రెండు రైళ్ళనూ ఎదురెదురుగా నడపడమే మానేశారు. 2017లో ఆ రైడునే మూసేశారు.

కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో 2015 జూన్‌లో ఒకరు నడుస్తున్న రోలర్ కోస్టర్ మీద సెల్ఫీ కర్ర తీశారు. రైడును ఆపవలసి వచ్చింది. వరుసలో నిలబడ్డ వందలమంది ఆ ఒక్కరి కోసం ఎదురుచూశారు. ఆ నెలాఖరు నుంచి డిస్నీ వారు అమెరికా పార్కుల్లో సెల్ఫీ కర్రలను గేటు దగ్గరే ఆపేశారు.

మూడోది అన్నిటికన్నా బాధాకరం. 2015 ఆగస్టులో అమెరికాలోని ఒహాయోలో సీడార్ పాయింట్ పార్కులో ఒకాయన రైడు మీద పోగొట్టుకున్న ఫోను, పర్సు వెతుక్కోవడానికి కంచె దాటి రోలర్ కోస్టర్ కిందికి వెళ్ళాడు. పైనుంచి వస్తున్న రైలు తగిలి చనిపోయాడు. పిల్లలూ, ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏది పడిపోయినా సరే, కంచె దాటవద్దు. ఉద్యోగికి చెప్పండి. రైడు ఆగాక వాళ్ళే వెతికి ఇస్తారు. ఫోను పోతే ఇంకో ఫోను వస్తుంది.

ఒక నవ్వొచ్చే సంగతి కూడా ఉంది. 2019లో స్పెయిన్‌లోని పోర్ట్ అవెంచురా పార్కులో ముందు సీటువారి చేతిలోనుంచి జారిన ఫోనును వెనక కూర్చున్న న్యూజీలాండ్ ఆటగాడు ఒకడు గాలిలో క్యాచ్ పట్టాడు! రైడు వేగం గంటకు 130 కిలోమీటర్లకు పైనే. ప్రపంచమంతా ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టింది. కానీ ఆలోచించండి. అతను పట్టుకోకపోతే అది ఎవరికి తగిలేది? ప్రతి రైడు మీదా వెనక సీట్లో మంచి ఫీల్డరు కూర్చోడు కదా.

5. ఇంకో కారణం: ఎదుటివారి ముఖం

ఇప్పటిదాకా తలల గురించి చెప్పుకున్నాం. ఇక ముఖాల గురించి. ఇది సౌదీలో ఉన్న మనం మరీ శ్రద్ధగా తెలుసుకోవలసిన విషయం.

2000 తర్వాత తొలి సంవత్సరాల్లో ఇక్కడికి వచ్చిన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో కెమెరా ఉన్న ఫోన్ల మీదే ఈ దేశంలో నిషేధం ఉండేది. 2004 చివర్లో దాన్ని ఎత్తేశారు. ఊరినుంచి కెమెరా ఫోను తెచ్చుకోవాలంటే భయపడిన రోజులవి. నిషేధం పోయింది కానీ దాని వెనకున్న ఆలోచన పోలేదు. ఇంటి ఆడవారి, పిల్లల ఫోటో వారి అనుమతి లేకుండా పరాయివారి చేతికి పోకూడదన్నది ఇక్కడి కుటుంబాల పట్టుదల. ఇప్పటికీ చాలా సౌదీ పెళ్ళిళ్ళలో ఆడవారి హాలులోకి వెళ్ళేముందు ఫోన్లు బయట ఇచ్చి వెళతారు.

చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. 2007లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం కెమెరా ఫోనును దుర్వినియోగం చేసి ఇతరుల వ్యక్తిగత జీవితంలోకి చొరబడితే ఒక ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ళ వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2019లో వచ్చిన బహిరంగ మర్యాద నియమాల ప్రకారం అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు, వీడియోలు తీయడం తప్పు. దానికి 1000 రియాళ్ళ జరిమానా, మళ్ళీ చేస్తే రెట్టింపు. ప్రమాదాలను అనుమతి లేకుండా ఫోటో తీయడం కూడా ఆ జాబితాలోనే ఉంది.

రైడు మీద తీసే వీడియోలో మనం ఒక్కరమే ఉండం. ముందు సీటులో అరుస్తున్న అమ్మాయి ఉంటుంది. గాలికి తలమీది గుడ్డ జారిన తల్లి ఉంటుంది. భయంతో ఏడుస్తున్న పిల్లాడు ఉంటాడు. వారెవరూ మనకు "సరే" అనలేదు. మన ఇంటి ఆడపిల్ల అలా ఉన్నప్పుడు ఎవరో వీడియో తీసి ఊరంతా పంపితే మనం ఊరుకుంటామా? చట్టం పుస్తకం తెరవకుండానే జవాబు తెలుస్తుంది.

మన పిల్లల ఫోటోలోకి వేరే కుటుంబం వస్తుందనుకుంటే ముందు అడగాలి. "ముమ్‌కిన్ సూరా?" అంటే "ఫోటో తీసుకోవచ్చా?" అని. నవ్వుతూ అడిగితే చాలామంది నవ్వుతూనే జవాబిస్తారు. "లా" అంటే "వద్దు". "షుక్రన్" అని చెప్పి పక్కకు జరగాలి.

6. క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్నలు

*"మరి ఇంటర్నెట్‌లో రైడు మీదనుంచి తీసిన వీడియోలు ఎన్నో ఉన్నాయి కదా?"*
ఉన్నాయి. మంచివాటిలో చాలావరకు పార్కు అనుమతితో తీసినవి. జనం లేని వేళ కెమెరాను బండికి బిగించి, జారకుండా తాడు కట్టి, పరీక్షించి తీస్తారు. కొన్ని మాత్రం దొంగతనంగా తీసినవి. దొంగతనంగా చేసి దెబ్బ తగలకుండా బయటపడ్డవాడి వీడియోనే మనం చూస్తాం. ఫోను జారిపోయినవాడి వీడియో మనదాకా రాదు.

*"పార్కువాళ్ళు తమ ఫోటోలు అమ్ముకోవడానికే మనల్ని వద్దంటున్నారేమో?"*
తెలివైన ప్రశ్న. చాలా పార్కుల్లో రైడు మలుపు దగ్గర కెమెరా ఉంటుంది, దిగాక ఆ ఫోటోను డబ్బుకు అమ్ముతారు. అందులో వారికి లాభం ఉన్నమాట నిజమే. అయినా ఆ కెమెరా గోడకు బిగించినది, ఎవరి చేతిలోనూ లేదు, ఎవరిమీదా పడదు. వారికి లాభం ఉన్నంతమాత్రాన మనకు ప్రమాదం తగ్గదు. ధర ఎక్కువనిపిస్తే కొనకుండా రావచ్చు.

*"జిప్పు ఉన్న జేబులో పెట్టుకుంటే?"*
కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. అడగండి. ఒప్పుకున్నా రైడు ఆగేదాకా జిప్పు తెరవవద్దు.

*"తాయిఫ్‌లో రైడు విరిగింది కదా, అది కెమెరా వల్ల కాదు కదా?"*
నిజమే. 2025 జూలై చివర్లో తాయిఫ్ దగ్గర అల్ హదాలోని ఒక పార్కులో ఊగే రైడు మధ్యకు విరిగి 23 మంది గాయపడ్డారు. అది కెమెరా పట్టుకున్నవారి తప్పు కాదు. యంత్రం బాగోగులు చూడవలసింది పార్కు నడిపేవారు, వారిని తనిఖీ చేయవలసింది అధికారులు. వారి పని వారు సరిగ్గా చేయాలని అడిగే హక్కు మనకుంది. మన చేతిలో ఉన్న భాగం మాత్రం మనమే చూసుకోవాలి. ఆ ప్రమాదం వీడియోలు నిమిషాల్లో అన్ని ఫోన్లకూ చేరాయి. దెబ్బలు తగిలినవారి తల్లిదండ్రులు వాటిని ఎలా చూసి ఉంటారో ఆలోచిస్తే, అలాంటివి మనం ఇంకొకరికి పంపం.

7. తల్లిదండ్రులకు ఒక మనవి

పార్కుకు బయల్దేరేముందే ఇంట్లో ఒప్పందం చేసుకోండి. ఎవరో ఒకరు రైడు ఎక్కకుండా సంచి కాపలా ఉండాలి, వంతులు మార్చుకోవాలి. అందరూ ఎక్కాలంటే లాకరు ఎక్కడుందో ముందే చూసుకోండి. ఫోటోలు ఎక్కేముందు, దిగాక, రైడు బోర్డు దగ్గర నిలబెట్టి తీయండి. కింద నిలబడి పైకి తీసేటప్పుడు కూడా మన పిల్లలే చట్రంలో ఉండేటట్టు చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, గేటు దగ్గర ఉద్యోగితో వాదించకండి. ఆయన నియమం రాసినవాడు కాదు, కాపాడేవాడు. మనలాగే ఇల్లు వదిలి ఇంతదూరం వచ్చినవాడు. మనం వీడియో కోసం పంతం పట్టిన రెండు నిమిషాల్లో ఆయన ఇంటి నెలజీతం ఊగిసలాడుతుంది. మనం ఆయనతో ఎలా మాట్లాడామో పక్కనే నిలబడి పిల్లలు నేర్చుకుంటారు. ఆ రోజు "తప్పు నాదే తమ్ముడూ" అన్న నాన్నగారు మా బడి పిల్లలందరికీ ఆ ఒక్క మాటతో పాఠం చెప్పారు.

8. వీడియో లేకుండా అమ్మమ్మకు చెప్పడం

ఇక రెండో ప్రశ్న. కడుపులో అలా అయ్యేదాన్ని ఏమంటారు? ఆ శుక్రవారం క్లాసంతా కలిసి మాటలు పోగుచేశాం. పలక నిండిపోయింది. కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

బండి మెల్లగా పైకి ఎక్కుతున్నప్పుడు: *గుండె దడదడలాడింది. అరచేతులు చెమర్చాయి. కింద మనుషులు చీమల్లా కనిపించారు.*

ఒక్కసారి కిందికి జారినప్పుడు: *గుండె జారిపోయింది. కడుపులో దేవినట్టయింది. పైప్రాణాలు పైనే పోయాయి.*

వేగం అందుకున్నప్పుడు: *బాణంలా దూసుకుపోయింది. చెవుల్లో గాలి హోరుమంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి.*

తలకిందులైనప్పుడు: *ఆకాశం కాళ్ళకిందికి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఒళ్ళు జలదరించింది.*

ఆగినప్పుడు: *బతుకుజీవుడా అనుకున్నాను. కాళ్ళు తేలిపోయాయి. మళ్ళీ ఎక్కాలనిపించింది.*

చూశారా, ఇవేవీ కెమెరాకు దొరకవు. కెమెరాకు పట్టాలు, స్తంభాలు, ఆకాశం కనిపిస్తాయి. గుండె జారడం కెమెరాకు ఎలా కనిపిస్తుంది? అది ఎక్కినవాడికే తెలుసు, వాడు చెబితేనే అమ్మమ్మకు తెలుస్తుంది.

ఆ బాబు ఆ రాత్రి మళ్ళీ రాజమండ్రికి ఫోను చేశాడు. కాగితం మీద రాసుకున్న మాటలు చూసి చదువుతూ మొదలుపెట్టాడట. సగంలో కాగితం పక్కన పడేశాడట. "పైప్రాణాలు పైనే పోయాయి అమ్మమ్మా!" అనగానే ఆవిడ పకపకా నవ్వి, తన చిన్నప్పుడు తిరునాళ్ళలో రంగులరాట్నం మీదనుంచి దిగి ఏడ్చిన కథ చెప్పిందట. ఆ కథ వాళ్ళ అమ్మ కూడా అంతకుముందు వినలేదట. వీడియో పంపి ఉంటే ఆవిడ చూసి "బాగుంది నాన్నా" అని ఊరుకునేదేమో.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబులు రాయండి.
1. చేతిలోనుంచి జారిన ఫోను రైలుతోపాటు మలుపు ఎందుకు తిరగదు?
2. సెల్ఫీ కర్ర ఇంజనీర్లు వదిలిన చోటును ఎలా దాటుతుంది?
3. రైడు మీద ఏదైనా పడిపోతే ఏం చేయాలి? ఏం చేయకూడదు?
4. "ఆయన నియమం రాసినవాడు కాదు, కాపాడేవాడు." ఈ మాట ఎవరి గురించి? మీరు చూసిన అలాంటి మరో మనిషి గురించి ఐదు వాక్యాలు రాయండి.

ఆ) ఈ మాటలను వాక్యాలలో వాడండి: జడత్వం, గుండె జారు, దూసుకుపోవు, బతుకుజీవుడా, అనుమతి.

ఇ) పెద్ద తరగతులకు: 200 గ్రాముల ఫోను గంటకు 120 కిలోమీటర్ల వేగంతో, గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వెళితే గతిశక్తి ఎంతెంత? రెండోది మొదటిదానికి ఎన్ని రెట్లు?

ఈ) ఇంటిపని: మీరు ఎక్కిన ఒక రైడు గురించి ఫోటో, వీడియో ఏదీ చూపించకుండా మీ తాతయ్యకో, నానమ్మకో, అమ్మమ్మకో ఫోనులో తెలుగులో మూడు నిమిషాలు చెప్పండి. తర్వాత వారి చిన్ననాటి తిరునాళ్ళ గురించి అడిగి, విన్నది రాసి తీసుకురండి. బాగున్నవాటిని వచ్చే సంవత్సరం సంచికలో అచ్చు వేస్తాం.